మా ఇంట్లో కార్బన్ మోనాక్సైడ్ అలారం మోగితే బ్యాటరీ తీసి పక్కన పెట్టాం

"ఇంట్లో గ్యాస్ గీజర్ ఉంది. హాల్లో ఒక కార్బన్ మోనాక్సైడ్ అలారం పెడితే సరిపోతుందా? అది ఊరికే మోగి విసిగిస్తుందని కొందరు అంటున్నారు, నిజమేనా?" అని అడిగారు. కార్బన్ మోనాక్సైడ్ అంటే గ్యాస్, బొగ్గు లాంటివి పూర్తిగా కాలనప్పుడు పుట్టే విషవాయువు. మీ రెండో ప్రశ్నకే ముందు జవాబు చెబుతాను. "ఊరికే మోగుతుంది" అన్న ఆ మాట నమ్మే మా ఇంటిల్లిపాదీ ప్రాణాల మీదికి తెచ్చుకున్నాం.

మా ఇంట్లో అలారం పెట్టి అప్పటికి రెండేళ్లు. పడకగదుల ముందు నడిచే దారిలో గోడకు బిగించాం. ఆ రెండేళ్లలో ఒక్కసారి కూడా కూత పెట్టలేదు. చలికాలంలో ఒక గురువారం రాత్రి మా ఆయన ఆలస్యంగా వచ్చి వేడినీళ్లతో చాలాసేపు స్నానం చేశారు. నేను వంటగదిలో చిమ్నీ వేసి వంట వేడి చేస్తున్నాను. చలిగా ఉందని కిటికీలన్నీ మూసేశాం. అప్పుడు మోగింది. ఆయన తల తుడుచుకుంటూనే స్టూలు ఎక్కి, "బ్యాటరీ అయిపోయినట్టుంది" అని దాన్ని ఊడదీసి, బ్యాటరీ తీసేసి ఫ్రిజ్ మీద పెట్టేశారు. నేనూ "రేపు కొత్తది తెద్దాం లెండి" అన్నాను. పిల్ల నిద్ర లేస్తుందేమో అన్న ధ్యాస తప్ప, అది ఏం చెబుతోందో వినాలని ఇద్దరికీ తోచలేదు.

శుక్రవారం పొద్దున మామగారికి తలనొప్పి. శనివారం మా అమ్మాయికి వికారం, అన్నం సయించలేదు. అత్తయ్య కాళ్లలో సత్తువ లేదన్నారు. నాకూ తల బరువుగానే ఉంది. ఇంట్లో ఫ్లూ తిరుగుతోందనుకున్నాం. ఎవరికీ జ్వరం లేదు, ముక్కు కారడం లేదు, దగ్గు లేదు. శుక్రవారం ఆఫీసుకి వెళ్లిన గంటన్నరకి నా తలనొప్పి పోయింది, సాయంత్రం ఇంటికొచ్చాక మళ్లీ పట్టుకుంది. ఆ తేడా నాకు తెలుస్తూనే ఉంది, కానీ దాన్ని దేనితోనూ ముడిపెట్టుకోలేదు. ఇది చదివేవాళ్లు ఇంకేం మరిచిపోయినా ఈ ఒక్కటి గుర్తుపెట్టుకోండి: ఇంట్లో అందరికీ ఒకేసారి తలనొప్పి, జ్వరం లేకపోవడం, బయటికి వెళ్తే తగ్గడం. ఈ మూడూ కలిస్తే అది ఫ్లూ అని ఊరుకోకూడదు.

మామగారికి వేలికి పెట్టే ఆక్సీమీటర్ ఉంది. పెట్టి చూస్తే 98. దాంతో అందరం నిశ్చింతగా ఉన్నాం.

ఆదివారం కొత్త బ్యాటరీ వేసి అలారాన్ని మళ్లీ గోడకు పెట్టాను. వేసేటప్పుడు దాన్ని బోర్లించి టేబుల్ మీద పెడితే, పదేళ్ల మా అమ్మాయి వెనకున్న అక్షరాలన్నీ కూడబలుక్కుని చదివింది. తర్వాత ఒకరి వెనక ఒకరు తలస్నానాలు. గీజర్ ఆగకుండా నడుస్తోంది, వంటగదిలో చిమ్నీ తిరుగుతోంది. అరగంట గడిచిందో లేదో మళ్లీ మోత మొదలైంది. మా ఆయన మళ్లీ స్టూలు కోసం వెళ్లారు. "నాన్నా, అది బ్యాటరీ కాదు. బ్యాటరీకైతే ఒక్కసారే కూస్తుంది. ఇది నాలుగుసార్లు మోగి ఆగుతోంది, మళ్లీ నాలుగుసార్లు. నాలుగైతే గ్యాస్ అని వెనకాల రాసుంది" అంది మా అమ్మాయి. చిన్న తెర మీద 128 అని కనిపిస్తోంది, అంటే గాలిలో పది లక్షల వంతుల్లో 128 వంతులు ఈ వాయువే.

గ్యాస్ వాల్వ్ కట్టేసి, దారిలో ఉన్న తలుపులు తెరుస్తూ అందరినీ బయటికి పొమ్మన్నాను. అత్తయ్య, పిల్ల బయటికి వెళ్లారు. మామగారు తన గదిలో మంచం అంచున కూర్చుని చెప్పులు వేసుకోబోతున్నారు. బొటనవేలు చెప్పు పట్టీలో దూరడం లేదు. ఒకసారి, రెండుసార్లు, మూడుసార్లు పక్కకి జారిపోయింది. తలెత్తి నన్ను చూసి, "మీరు పదండమ్మా, ఐదు నిమిషాలు నడుం వాల్చి వస్తాను" అన్నారు. ఎంతో ప్రశాంతంగా అన్నారు. ఆ మాట తలచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. నేనూ మా ఆయనా చెరో భుజం పట్టుకుని చెప్పుల్లేకుండానే బయటికి తెచ్చాం. అక్కడి నుంచే ఎమర్జెన్సీకి ఫోన్ చేశాం. అత్తయ్య శాలువా కోసం మళ్లీ లోపలికి వెళ్లబోతే మా అమ్మాయి చెయ్యి పట్టుకుని ఆపింది.

ఆసుపత్రిలో రక్తపరీక్ష చేస్తే మామగారి హిమోగ్లోబిన్‌లో 17 శాతాన్ని కార్బన్ మోనాక్సైడ్ పట్టుకుని ఉంది. పిల్లకి 9 శాతం. పొగతాగని మనిషికి ఇది మామూలుగా రెండు మూడు శాతం దాటదు. మరి ఆక్సీమీటర్ 98 ఎలా చూపించిందని అడిగాను. మామూలు ఆక్సీమీటర్ వేలిలోంచి కాంతిని పంపి రక్తం రంగును బట్టి లెక్క కడుతుందట. కార్బన్ మోనాక్సైడ్ పట్టిన రక్తం కూడా దానికి ఆక్సిజన్ నిండిన రక్తంలాగే కనిపిస్తుంది. అంటే మనిషి ఊపిరాడక పోతున్నా అంకె బాగానే ఉంటుంది. ఈ సంగతి ప్రతి ఆక్సీమీటర్ పెట్టె మీదా పెద్ద అక్షరాలతో ఎందుకు రాయరో నాకు అర్థం కాదు. ఇంటింటా కొనుక్కున్న వస్తువది, ఆ అంకె చూసే కదా జనం ధైర్యంగా ఉండేది!

ఈ వాయువు హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. మామూలు గాలి పీలుస్తూ ఉంటే అందులో సగం వదలడానికే నాలుగైదు గంటలు పడుతుంది, మాస్కుతో పూర్తి ఆక్సిజన్ ఇస్తే గంట, గంటన్నరలో సగానికి దిగుతుంది. అందుకే బయట కాసేపు కూర్చుంటే చాల్లే అని ఊరుకోకుండా ఆసుపత్రికి వెళ్లమంటాను. సాయంత్రానికి మామగారు మాస్కు పక్కకి జరిపి, తల తేలికైంది, టీ కావాలన్నారు. అప్పటిదాకా నాకు చేతులు వణుకుతూనే ఉన్నాయి.

ఇక "ఊరికే మోగుతుంది" అన్న మాట ఎక్కడ పుడుతుందో చెబుతాను. మర్నాడు గీజర్ చూడటానికి ఒక మెకానిక్ వచ్చాడు. అప్పటికి కిటికీలన్నీ తెరిచే ఉన్నాయి, చిమ్నీ కట్టేసి ఉంది. గీజర్ రెండు నిమిషాలు వేసి, మంట నీలంగానే ఉందని చూపించి, "ఇందులో ఏమీ లేదమ్మా, మీ అలారమే తేడా" అని వెళ్లిపోయాడు. ఆసుపత్రి రిపోర్టు చేతిలో లేకపోతే మేమూ నమ్మేవాళ్లమే. మంట నీలంగా ఉంటే మంచిదే, పసుపు పచ్చగా మారితే తప్పకుండా అనుమానించాలి. కానీ నీలం మంట ఒక్కటే చూసి ప్రమాదం లేదనడం తప్పు. కాలిన గాలి బయటికి పోతోందా, ఇంట్లోకి వస్తోందా అన్నది మంట రంగులో కనపడదు.

రెండో ఆయన పని తెలిసిన మనిషి. "ఆ రోజు ఎలా ఉందో అలాగే చేద్దాం" అని కిటికీలు మూయించి, చిమ్నీ ఫుల్ స్పీడులో పెట్టించి గీజర్ వేశారు. ఆయన చేతిలో కార్బన్ మోనాక్సైడ్ కొలిచే మీటర్ ఉంది. కొన్ని నిమిషాలయ్యాక అగ్గిపుల్ల గీసి ఆర్పి, ఆ పొగని గీజర్ పైన పొగగొట్టం మొదలయ్యే చోట పట్టుకున్నారు. పొగ గొట్టంలోకి ఎక్కాలి కదా, సన్నటి దారంలా వెనక్కి తిరిగి గదిలోకి వచ్చింది. అందరం కళ్లారా చూశాం. తర్వాత గొట్టం విప్పితే లోపల ఎండుపుల్లలు, ఈకలు. పిట్ట గూడు. సగం దారి అదే మూసేసింది. మిగతా సగాన్ని చిమ్నీ పాడుచేసింది: కిటికీలు మూసిన ఇంట్లోంచి గాలిని బయటికి లాగేస్తుంటే, ఆ లోటు తీర్చడానికి గాలి ఎక్కడో అక్కడి నుంచి లోపలికి రావాలి, మా ఇంట్లో అది గీజర్ పొగగొట్టం గుండా వచ్చింది. బాత్‌రూమ్ ఎగ్జాస్ట్ ఫ్యాన్ కూడా ఇదే పని చేయగలదు. ఫ్యాన్ ఉంది కదా, ఏం కాదులే అనుకునేవాళ్లు ఇది ఆలోచించాలి.

అలారం మోగగానే కిటికీలు తెరుస్తారు, గంట తర్వాత ఎవరో వచ్చి చూస్తారు, అప్పటికి గాలి శుభ్రమైపోతుంది, "ఏమీ లేదు" అంటారు. ఇలా నిజంగా మోగిన అలారాలే ఊరికే మోగినవాటి లెక్కలోకి పోతున్నాయని నా గట్టి నమ్మకం. చాలా పరికరాల్లో అది నమోదు చేసిన గరిష్ఠ అంకె గుర్తుంటుంది. వచ్చిన మనిషికి ముందు ఆ అంకె చూపించండి.

అలాగని తప్పుగా మోగనే మోగదని అనను. లెడ్ యాసిడ్ బ్యాటరీలు ఛార్జ్ అయ్యేటప్పుడు హైడ్రోజన్ వస్తుంది, దానికి ఈ సెన్సార్ మోసపోవచ్చు. పెయింట్లు, థిన్నర్లు, స్ప్రేలు దగ్గరలో వాడినా తేడా చేస్తుంది. అయినా కారణం బయట నిలబడి వెతుక్కోవచ్చు. ముందు ఇల్లు ఖాళీ చేయాలి.

అది అంత తొందరపడి మోగే వస్తువు కూడా కాదు. ఐరోపా ప్రమాణం ఈఎన్ 50291 ప్రకారం గాలిలో పది లక్షల వంతుల్లో 50 వంతులుంటే గంట నుంచి గంటన్నర లోపు, 100 ఉంటే 10 నుంచి 40 నిమిషాల్లో, 300 ఉంటే 3 నిమిషాల్లోపు మోగాలి. అమెరికా ప్రమాణం యూఎల్ 2034 అయితే 70 దగ్గర గంట నుంచి నాలుగు గంటల దాకా ఆగుతుంది, 400 దగ్గర 4 నుంచి 15 నిమిషాలు. ఎంత గాఢత, ఎంతసేపు అని లెక్క చూసుకుని మరీ మోగుతుందన్నమాట. కొనేటప్పుడు ఈ రెండు ప్రమాణాల్లో ఒకటి ఉందో లేదో చూడండి. రంగు మారే స్టిక్కర్లు అమ్ముతారు, వాటిని నమ్ముకోకండి. నిద్రపోతున్న మనిషిని స్టిక్కర్ ఎలా లేపుతుంది?

ఇంకో గందరగోళం ఉంది. గ్యాస్ లీకైతే మోగేది వేరు, పొగకి మోగేది వేరు, ఇది వేరు. ఎల్‌పీజీ గాలి కంటే బరువు, కిందికి దిగుతుంది కాబట్టి దాని డిటెక్టర్ నేలకు దగ్గరగా పెడతారు. కార్బన్ మోనాక్సైడ్ దాదాపు గాలి అంత బరువే, ఇంకా కొంచెం తేలిక, గదంతా కలిసిపోతుంది. వాసన లేదు, రంగు లేదు, కళ్లు మండవు. ఒకటి కొని మూడింటికీ సరిపోతుందనుకునేవాళ్లను చాలామందిని చూశాను. పొగ రావడం లేదు కదా అని కణకణలాడే బొగ్గుల కుంపటి పడకగదిలో పెట్టుకునేవాళ్లదీ ఇలాంటి నమ్మకమే. బొగ్గు ఎర్రగా, పొగ లేకుండా కాలుతున్నప్పుడు కూడా ఈ వాయువు దండిగా వస్తుంది. జనరేటర్ అయితే కనీసం 20 అడుగుల దూరంలో, ఆరుబయటే ఉండాలి.

గనుల్లో ఈ విషవాయువును కనిపెట్టడానికి కానరీ పిట్టల్ని తీసుకెళ్లేవాళ్లు. ఆ సలహా ఇచ్చిన శాస్త్రవేత్త జాన్ స్కాట్ హాల్డేన్ ఈ వాయువును తానే పీల్చి, ఒంట్లో ఏమవుతోందో రాసుకుని 1895లో ప్రచురించాడు. బ్రిటన్ గనుల్లో పిట్టల్ని మాన్పించి ఎలక్ట్రానిక్ పరికరాలు తేవాలని నిర్ణయించింది 1986లో. పిట్ట కూలితే గనిలో ఎవరూ కారణం వెతుకుతూ లోపలే నిలబడలేదు, బయటికి పరుగెత్తారు. గోడ మీది పెట్టె మోగినప్పుడు మనం కూడా అలాగే కదలాలి.

ఇక మీ మొదటి ప్రశ్న. హాల్లో ఒక్కటి చాలదు. మోత నిద్రలో ఉన్నవాళ్లకి వినపడాలి కాబట్టి మొదటిది పడకగదుల బయటే పెట్టండి. తలుపు వేసుకుని పడుకునే పెద్దవాళ్లుంటే వాళ్ల గదిలో ఇంకొకటి, మంచం మీద పడుకున్నప్పుడు తల ఉండే ఎత్తులో. రెండంతస్తుల ఇల్లయితే అంతస్తుకొకటి. గీజర్ ఉన్న గదిలో కూడా పెడితే దానికి ఒకటి నుంచి మూడు మీటర్ల దూరంలో, గోడ పైభాగాన, కప్పుకు జానెడు కింద. బాత్‌రూమ్‌లో వద్దు, ఆవిరికి పాడవుతుంది. పొయ్యికి పైన వద్దు. కర్టెన్ వెనక, బీరువా చాటున, ఫ్యాన్ ఎదురుగా, కిటికీ పక్కన వద్దు. మీ పరికరంతో వచ్చిన కాగితంలో వేరే దూరం రాసుంటే దాన్నే పాటించండి.

నెలకోసారి టెస్ట్ బటన్ నొక్కండి. అది బజర్, బ్యాటరీ, సర్క్యూట్ పనిచేస్తున్నాయని చెబుతుంది గానీ లోపలి సెన్సార్‌కి వయసైపోయిందో లేదో చెప్పదు. సెన్సార్ ఐదు నుంచి పదేళ్లే ఉంటుంది, గడువు తేదీ వెనక ఉంటుంది. మేము ఆ తేదీని మార్కర్‌తో ముందువైపే పెద్దగా రాసుకున్నాం. దాని కింద మా అమ్మాయి తన చేతి రాతతో ఒక కాగితం అంటించింది: "నాలుగు మోతలు - అందరూ బయటికి, తాతయ్యను పట్టుకోవాలి. ఒక్క కూత - నాన్న బ్యాటరీ తేవాలి." నెలకోసారి బటన్ నొక్కేది ఇప్పుడు మామగారే. నొక్కి, నాలుగూ లెక్కపెట్టి, వంటగదిలో ఉన్న నన్ను "వినపడిందా అమ్మా?" అని అడుగుతారు.