కొండ దిగాక కాళ్ల నొప్పులా? ముందు ఆ మాత్ర ఆపండి

ప్రశ్న: మాది ప్రొద్దుటూరు. మా ఆయనకు 54 ఏళ్లు, నాకు 47. ఆయనకు ఎనిమిదేళ్లుగా షుగర్, బీపీ ఉన్నాయి. షుగర్‌కు గ్లిమిపిరైడ్, మెట్‌ఫార్మిన్ కలిసిన మాత్ర, బీపీకి టెల్మిసార్టాన్ హెచ్ వాడుతున్నారు. పోయిన శనివారం ఇద్దరం అహోబిలం వెళ్లాం. ఉపవాసమని ఆయన పొద్దున కాఫీ తాగి, మాత్రలు మాత్రం వేసుకున్నారు. ఎగువ అహోబిలంలో దర్శనం అయ్యేసరికి పదిన్నర దాటింది. అప్పుడు ఉగ్రస్తంభానికి బయల్దేరాం. జ్వాలా నరసింహస్వామి గుడి దాటాక ఆయనకు ఒళ్లంతా చల్లటి చెమటలు పట్టి, చేతులు వణికాయి. పిలిస్తే సరిగా పలకలేదు. పక్కన వెళ్తున్నవాళ్లు శెనక్కాయ చిక్కీ ఇస్తే తిని పది నిమిషాల్లో లేచారు. వెనక్కి పోదామంటే వినలేదు. పైదాకా వెళ్లి దిగేసరికి సాయంత్రం ఐదయింది. మర్నాటి నుంచి తొడలు పట్టేసి, కూర్చుంటే లేవలేకపోతున్నారు. మెడికల్ షాపులో ఇచ్చిన డైక్లోఫెనాక్ అనే నొప్పి మాత్ర ఐదు రోజులుగా రెండు పూటలా వేసుకుంటున్నారు. మూత్రం ముదురు రంగులో, తక్కువగా వస్తోంది. నిన్నటి నుంచి పాదాలు కాస్త ఉబ్బాయి. నాకు ఆ రాత్రి తలనొప్పి, వాంతి అయి తగ్గాయి కానీ ఇప్పుడు మూత్రంలో మంటగా ఉంది. కాలి బొటనవేలి గోరు నల్లబడింది. వచ్చే నెల తిరుమలకు నడిచి వెళ్లాలని మొక్కు ఉంది. ‘ఈ వయసులో మీకు కొండలెందుకు’ అని పిల్లలు కోప్పడుతున్నారు. మానుకోవాలా?

జవాబు: అమ్మా, మొక్కు సంగతి తర్వాత చూద్దాం. ముందు మీవారి చేత ఆ డైక్లోఫెనాక్ ఈ పూటే ఆపించండి. ఇవాళే దగ్గర్లోని ఫిజీషియన్‌ని కలిసి రక్తంలో క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పేది), పొటాషియం, సీపీకే (కండరాల దెబ్బ చెప్పేది), దాంతోపాటు మూత్ర పరీక్ష చేయించండి. మూత్రం బాగా తగ్గిపోయినా, ఆయాసం వచ్చినా, మూత్రం బ్లాక్ టీ రంగులోకి మారినా రిపోర్టుల కోసం ఆగకుండా పెద్దాసుపత్రి క్యాజువాలిటీకి తీసుకెళ్లండి. మీరు కాళ్ల నొప్పుల గురించి రాశారు కానీ, మీ ఉత్తరంలో నన్ను భయపెట్టింది చివర్లో మామూలుగా రాసిన ఆ పాదాల ఉబ్బు.

ఎందుకో చెబుతాను. మన అనంతపురం, కడప రైతులకు డ్రిప్పు సంగతి తెలుసు. బోరులో నీళ్లు తగ్గితే మొక్కకు చుక్క అందాలంటే మొదట్లో వాల్వు పూర్తిగా తెరవాలి, చివర్లో మూత గట్టిగా బిగించాలి. అప్పుడే పైపులో ప్రెషర్ నిలబడుతుంది. ఒంట్లో నీళ్లు తగ్గినప్పుడు కిడ్నీ కూడా అచ్చం అదే చేస్తుంది. తనలోకి రక్తం తెచ్చే నాళాన్ని వెడల్పు చేసుకుని, బయటికి పోయే నాళాన్ని బిగిస్తుంది. డైక్లోఫెనాక్ ఆ మొదటి వాల్వును తెరుచుకోనివ్వదు. టెల్మిసార్టాన్ చివరి మూతను వదులు చేస్తుంది. బీపీ మాత్ర పేరు చివర ఉండే ‘హెచ్’ అంటే హైడ్రోక్లోరోథయజైడ్, ఒంట్లోని ఉప్పును, నీటిని మూత్రంలో బయటికి పంపే మందు. ఈ మూడూ విడివిడిగా మంచి మందులే. రోజంతా చెమటోడ్చి ఎండిన ఒంట్లో మూడూ కలిస్తే కిడ్నీ ఒక్కసారిగా చతికిలబడొచ్చు. పైగా ఎనిమిదేళ్ల షుగర్ ఉంది. సమయానికి పట్టుకుంటే చాలామందిలో కిడ్నీ మళ్లీ కోలుకుంటుంది. అందుకే ఈ తొందర.

బీపీ మాత్ర, మెట్‌ఫార్మిన్ మీ అంతట మీరు ఆపొద్దు. క్రియాటినిన్ చూశాక ఏది ఉంచాలో, ఏది కొన్నాళ్లు ఆపాలో డాక్టరు చెబుతారు. షాపులో అడిగి మందు తెచ్చుకున్నందుకు మిమ్మల్ని తప్పు పట్టను, అందరం చేసే పనే. కానీ బీపీ, షుగర్ ఉన్నవాళ్లు కౌంటరు దగ్గర ముందు ఆ మాట చెప్పి, తర్వాత నొప్పి సంగతి చెప్పాలి. నొప్పి భరించలేనంతగా ఉంటే పారాసెటమాల్ 650 రోజుకు రెండు మూడు సార్లకు మించకుండా చాలు.

ఇక కొండ మీద జరిగింది. చల్లటి చెమట, వణుకు, పిలిస్తే పలకకపోవడం, తీపి తినగానే పది నిమిషాల్లో లేవడం... ఇది షుగర్ పడిపోవడమే అయ్యుండాలి. గ్లిమిపిరైడ్ మనం తిన్నామా లేదా అని చూడదు. ఇన్సులిన్‌ను విడుదల చేయిస్తూనే ఉంటుంది. ఇటు ఉపవాసం, అటు రాళ్ల మీద ఎక్కుడు. ఈ మందు ప్రభావం దాదాపు రోజంతా ఉంటుంది కాబట్టి చిక్కీతో లేచిన మనిషికి గంట తర్వాత మళ్లీ పడిపోవచ్చు. అక్కడి నుంచి వెనక్కి పోదామన్న మీ మాటే సరైనది. ఆ మాట మీవారికి ఈ ఉత్తరం చూపించి మరీ చెప్పండి! ఇంకోటి, చిక్కీలో శెనక్కాయల నూనె ఉండటం వల్ల అందులోని తీపి నెమ్మదిగా ఎక్కుతుంది. అలాంటప్పుడు మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగించడం, లేదా గ్లూకోజు పొడి ఇవ్వడం మేలు. చిక్కీ, అరటిపండు ఆ తర్వాత. మనిషి మింగలేని స్థితిలో ఉంటే మాత్రం నోట్లో ఏమీ పోయకూడదు.

అయినా దీన్ని షుగర్ ఖాతాలో రాసేసి ఊరుకోను. షుగర్ ఉన్నవాళ్లలో గుండెపోటు నొప్పి లేకుండానే, ఉత్త చెమటలతో రావచ్చు. ఈ వారమే ఈసీజీ తీయించండి.

తొడల నొప్పి విషయంలో మీ ఇద్దరి అనుమానం ఒకటే అనుకుంటా, వయసైపోయిందా అని. కాదు. ఎక్కేటప్పుడు ఆయాసం గుండెకు, ఊపిరితిత్తులకు. దిగేటప్పుడు భారమంతా తొడ ముందు కండరాలది. ఒక్కో అడుగుకూ అవి సాగుతూనే ఒంటిని ఆపి పట్టుకోవాలి. అలవాటు లేని పని కావడంతో కండరాల పోగులు సన్నగా చిట్లుతాయి. నొప్పి ఆ రోజు తెలియదు, ఒకటి నుంచి మూడు రోజుల మధ్య ముదురుతుంది. కర్నూలులో చదువుకునే రోజుల్లో నేనూ ఓ ఆదివారం గుత్తి కోట ఎక్కి, కుర్రతనం కొద్దీ పరుగెత్తి దిగాను. మర్నాడు హాస్టల్ బాత్‌రూమ్‌లో గొంతుకూర్చుని మళ్లీ లేవడానికి తలుపు గొళ్లెం పట్టుకోవాల్సి వచ్చింది. అప్పుడు నాకు ఇరవై ఏళ్లు! మామూలుగా ఇది వారంలోపు తగ్గుతుంది. మరీ ఎక్కువగా చిట్లితే కండరాల్లోంచి వచ్చే పదార్థం కిడ్నీలో చేరి మూత్రాన్ని ముదురు రంగులోకి మారుస్తుంది. సీపీకే పరీక్ష అడిగింది అందుకే.

మీ విషయానికి వస్తాను. ఆ రోజు మీరు ఎన్ని నీళ్లు తాగారో రాయలేదు. కానీ నా దగ్గరికి వచ్చే ఆడవాళ్లు చెప్పేది వింటే ఊహించగలను. దారిలో బాత్‌రూమ్ ఉండదని పొద్దుటి నుంచే నీళ్లు మానేస్తారు. తలనొప్పి, వాంతి ఎండదెబ్బ తొలి మెట్టు. మూత్రం గంటల తరబడి బిగబట్టడం వల్ల ఇన్ఫెక్షన్ పట్టుకున్నట్టుంది. ఏ క్రిమి ఉందో తేల్చే కల్చర్ పరీక్షకు మూత్రం ఇచ్చాకే యాంటీబయోటిక్ మొదలుపెట్టండి. ఇంట్లో మిగిలిన పాత మాత్రలు వద్దు. చలిజ్వరం, నడుముకు ఒక పక్క నొప్పి ఉంటే ఆలస్యం చేయకండి. గోరు గురించి బెంగ వద్దు. దిగేటప్పుడు వేలు చెప్పు అంచుకు తగిలీ తగిలీ గోరు కింద రక్తం కట్టింది. పీకించకండి, కొత్త గోరు వచ్చేకొద్దీ అదే ముందుకు జరిగిపోతుంది. ఏడాది దాకా పడుతుంది.

కొండెక్కే రోజు ఉత్త నీళ్లు లీటర్ల కొద్దీ తాగడం కూడా మంచిది కాదు, చెమటలో పోయిన ఉప్పు తిరిగి రాదు. ఉప్పేసిన మజ్జిగ సీసాలో తీసుకెళ్లండి. ఓఆర్ఎస్ అయితే పెద్ద ప్యాకెట్ మొత్తం లీటరు నీళ్లలో ఒకేసారి కలపాలి, గ్లాసుకు చిటికెడు చొప్పున కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములా అని ఉన్న ప్యాకెట్టే అడగండి. అందులో లీటరుకు 13.5 గ్రాముల గ్లూకోజు, 2.6 గ్రాముల ఉప్పు ఉంటాయి. షుగర్ ఉన్నవారూ అవసరమైన రోజు తాగొచ్చు. అట్టపెట్టెల్లో అమ్మే తీపి పానీయాలు వేరు. ఫార్ములా ప్రకారం లేనివాటికి ఓఆర్ఎస్ అనే పేరు వాడొద్దని 2025 అక్టోబరులో ఆహార భద్రతా సంస్థ ఆదేశించింది కూడా. మీవారికి పాదాల ఉబ్బు ఉంది కాబట్టి ఆయన ఇప్పుడు మజ్జిగా ఓఆర్ఎస్సూ అంటూ అదేపనిగా తాగకూడదు. ఎంత తాగాలో క్రియాటినిన్ రిపోర్టు వచ్చాకే.

తిరుమల సంగతి: వచ్చే నెల వద్దు. మొక్కు తీరదని కాదు, వాయిదా. కిడ్నీ రిపోర్టు మామూలుగా వచ్చాక టీఎంటీ (ట్రెడ్‌మిల్ మీద నడిపించి చేసే గుండె పరీక్ష) చేయించి, డాక్టరు సరే అంటే ఆరేడు వారాలు సిద్ధపడండి. రోజూ అరగంట నడక, వారానికి మూడు రోజులు మెట్లు. ఎక్కడమే కాదు, నిదానంగా దిగడం కూడా సాధన చేయాలి. ఎక్కుతూ ఇద్దరూ ఆగకుండా మాట్లాడుకోగలిగితే వేగం సరిపోయినట్టే. అలిపిరి దారి సుమారు 9 కిలోమీటర్లు, 3,550 మెట్లు. శ్రీవారి మెట్టు దూరం తక్కువే కానీ నిటారు. మీకు అలిపిరే నయం. ఆ రోజు ఉపవాసం వద్దు. తెల్లవారగానే ఇడ్లీనో సంగటో తిని బయల్దేరండి. ఆ పూట గ్లిమిపిరైడ్, బీపీ మాత్ర ఎంత వేసుకోవాలో ముందే మీ డాక్టరుతో రాయించుకోండి. గ్లూకోజు పొడి మీవారి జేబులో కాకుండా మీ సంచిలో పెట్టుకోండి. షుగర్ పడిపోయిన మనిషికి తన జేబు గుర్తుండదు. దర్శనం అయ్యాక కిందికి మాత్రం బస్సులోనే రండి.