చికాగోకు వెళ్లండి, ఇల్లు అమ్మకండి

ప్రశ్న: డాలస్‌లో ఒక ఎయిర్‌లైన్స్‌లో మెకానిక్‌గా 9 ఏళ్ల నుంచి చేస్తున్నాను. మా స్టేషన్‌లో పోస్టులు తగ్గిస్తున్నారు. సీనియారిటీ ప్రకారం చికాగోలో జూనియర్‌ని బంప్ చేసి (తప్పించి) ఆ పోస్టులో చేరవచ్చు. లేదంటే ఫర్లో, అంటే మళ్లీ పిలిచేదాకా జీతం లేకుండా ఇంట్లో ఉండటమే. భార్య ఉద్యోగం, పిల్లల బడి, ఇంటి లోను అన్నీ ఇక్కడే. ఇల్లు అమ్మేసి వెళ్లిపోమంటారా?

జవాబు: వెళ్లండి. ఇల్లు మాత్రం ఇప్పుడే అమ్మొద్దు.

సంతకం పెట్టే ముందు యూనియన్ వాళ్లను అడిగి చికాగో సీనియారిటీ లిస్టు చూడండి. మీ సర్వీసు 9 ఏళ్లన్నది పక్కనపెట్టి, ఆ లిస్టులో మీ కింద ఎంతమంది ఉన్నారో లెక్కపెట్టండి. చివరి ఇద్దరు ముగ్గురిలో మీరూ ఉంటే, రేపు మరో స్టేషన్ నుంచి వచ్చిన సీనియర్ మిమ్మల్నే బంప్ చేస్తారు. కింద పాతికమంది ఉంటే టెన్షన్ అక్కర్లేదు.

ముందు మీరొక్కరే వెళ్లి, తోటి ఉద్యోగులతో కలిసి గది తీసుకోండి. సెలవు రోజుల్లో స్టాండ్‌బై మీద, అంటే విమానంలో సీటు ఖాళీ ఉంటే ఎక్కి, ఇంటికి రావచ్చు. పండగ సీజన్‌లో సీటు దొరకడం కష్టం కాబట్టి ఒకటి రెండు టికెట్ల డబ్బు విడిగా ఉంచండి. డాలస్‌కు తిరిగి ట్రాన్స్‌ఫర్ కోరుతూ చేరిన వెంటనే దరఖాస్తు పెట్టేయండి.

ఇక పన్ను. టెక్సస్‌లో రాష్ట్ర ఆదాయపు పన్ను లేదు, చికాగో ఉన్న ఇలినాయిలో 4.95 శాతం. కుటుంబం డాలస్‌లోనే ఉన్నా, చికాగోలో చేసిన పనికి ఇలినాయికి కట్టాల్సిందే. విమానంలో తిరిగే సిబ్బందికి ఫెడరల్ చట్టం ఇచ్చే వెసులుబాటు నేల మీద పనిచేసే మెకానిక్‌కు రాదు. జీతం 80,000 డాలర్లయితే ఏడాదికి సుమారు 3,800 డాలర్లు పోతాయి. సామాను తరలింపు ఖర్చుకు ఫెడరల్ పన్నులో మినహాయింపు 2018 నుంచే లేదు. ఆ ఖర్చు కంపెనీ ఇచ్చినా జీతం కిందే లెక్క. ఇవన్నీ, గది అద్దెతో సహా తీసేసినా, ఫర్లోలో జీతమే లేకపోవడం కన్నా నయం.

2020 అక్టోబరులో అమెరికన్, యునైటెడ్ ఎయిర్‌లైన్స్ కలిసి దాదాపు 32,000 మందిని ఫర్లో చేసి, డిసెంబరులోనే వెనక్కి పిలిచాయి కదా, ఆగి చూద్దాం అనుకోకండి. అప్పుడు ప్రభుత్వం జీతాలకు డబ్బిచ్చింది కాబట్టి పిలిచారు. మామూలు ఫర్లోలో ఆ అండ ఉండదు.

ఒకవేళ ఫర్లోయే తప్పకపోతే, కంపెనీ ఇన్సూరెన్స్ ఆగిన 30 రోజుల్లోగా మీ భార్య ఆఫీసు ప్లాన్‌లో అందరూ చేరండి. పాత కంపెనీ ఇన్సూరెన్స్‌నే సొంత ఖర్చుతో కొనసాగించే కోబ్రాలో ప్రీమియం 102 శాతం దాకా మీరే కట్టాలి. రిటైర్‌మెంట్ పొదుపు ఖాతా 401కే జోలికి వెళ్లకండి. 59½ ఏళ్లలోపు తీస్తే సాధారణంగా పన్నుకు తోడు 10 శాతం పెనాల్టీ పడుతుంది.

రీకాల్ హక్కు (తిరిగి పనిలోకి పిలిపించుకునే హక్కు) ఎన్నేళ్లు ఉంటుంది, చికాగోను కాదంటే సెవరెన్స్ (ఉద్యోగం పోయినందుకు ఇచ్చే డబ్బు) వస్తుందా పోతుందా అన్నది మీ కాంట్రాక్టులో ఉంటుంది. పోస్టు కోరుకునే బిడ్ గడువుకు ముందే యూనియన్ ప్రతినిధిని ఈ రెండూ అడిగి, జవాబు ఈమెయిల్‌లో తెప్పించుకోండి.