మేం కొంటామంటే వాళ్లకేంటి నొప్పి?

ప్రశ్న: ఇంటర్ కాలేజీలకు ఆన్‌లైన్ పరీక్షలు పెట్టే చిన్న కంపెనీ మాది. క్లౌడ్ బిల్లు, అంటే ఇంటర్నెట్‌లో అద్దెకు తీసుకునే సర్వర్ల ఖర్చు, తడిసి మోపెడవుతోందని తగ్గింపు కోసం మూడేళ్లకు 30 సర్వర్లు రిజర్వ్ చేయబోతే, పరిమితి దాటిందని మధ్యలోనే ఆపేశారు. ముందు ఏమీ కట్టకుండా నెలనెలా కట్టే పద్ధతి మా కొత్త అకౌంటుకు లేదట! మూడేళ్లు మీ దగ్గరే ఉంటాం మొర్రో అంటుంటే వద్దంటారేంటండీ?
– ఒక పాఠకురాలు, మాదాపూర్

జవాబు: వద్దనలేదండీ, ఆగమన్నారు. మీరు కంపెనీ పేరు రాయలేదు కాబట్టి అమెజాన్ వెబ్ సర్వీసెస్ లెక్కల్లో చెబుతాను. అక్కడ రిజర్వుడ్ ఇన్‌స్టాన్స్‌లు (ఏడాదికో మూడేళ్లకో మాటిచ్చి తగ్గింపు ధరకు తీసుకునే సర్వర్లు) మామూలుగా నెలకు రీజియన్‌కు (ముంబై లాంటి ఒక ప్రాంతంలోని డేటా సెంటర్ల గుంపు) 20, అవిగాక ఆ రీజియన్ లోపలి ఒక్కో జోన్‌లో (విడిగా నడిచే భాగం) 20 వరకే కొననిస్తారు. ఇంకా కావాలంటే అవసరం ఏంటో రాసి పెంచమని అడగాలి, అంతే.

నెలనెలా కట్టే పద్ధతిలో మీరు ముందు పైసా ఇవ్వరు, వాళ్లేమో తగ్గింపు మొదటి గంట నుంచే ఇస్తారు. అంటే అది అప్పే. నిన్న అద్దెకు దిగినవాళ్లకు కిరాణా కొట్టులో ఖాతా పెట్టరుగా, అందుకే బిల్లులు సరిగ్గా కట్టిన చరిత్ర అడుగుతారు. పైగా దొంగ కార్డులతో అకౌంట్లు తెరిచేవాళ్లు, ఎవరి పాస్‌వర్డో కొట్టేసి క్రిప్టో కరెన్సీ తవ్వకానికి సర్వర్లు లేపేవాళ్లు ఉండనే ఉన్నారు. పరిమితే లేకపోతే, మీ అకౌంట్ వాళ్ల చేతిలో పడిన రాత్రి మూడేళ్ల బాకీ మీ నెత్తిన పడుతుంది.

ఇక గిరాకీ సంగతి. జోన్ ఎంచుకుని రిజర్వ్ చేస్తే, మీరు వాడినా వాడకపోయినా ఆ రకం సర్వర్‌కు అక్కడ చోటు ఉంచాలి, డేటా సెంటర్‌లో కరెంటూ చిప్పులూ ఊరికే ఊడిపడవు కదా. రీజియన్ మొత్తానికి కొన్నవీ, సేవింగ్స్ ప్లాన్లూ (గంటకు ఇన్ని డాలర్లు ఖర్చు పెడతామని మాటిచ్చే పథకాలు) తగ్గింపు ఇస్తాయి గానీ చోటుకు హామీ ఇవ్వవు. చాలామంది ఇక్కడే పప్పులో కాలేస్తారు. ముంబైకి కొన్న రిజర్వేషన్ 2022 నవంబర్‌లో తెరిచిన హైదరాబాద్ రీజియన్‌లో చెల్లదు, కంప్యూట్ సేవింగ్స్ ప్లాన్ అయితే రెండుచోట్లా చెల్లుతుంది.

నన్నడిగితే ఆ 30 అనే అంకె మీదే నాకు అనుమానం. మార్చి హడావుడి చూసి వేసిన లెక్కలా ఉంది. మే నెల బిల్లు తెరవండి, కాలేజీలకు సెలవులున్నప్పుడు కూడా ఎన్ని సర్వర్లు తిరుగుతున్నాయో అన్నింటికే, అదీ ఏడాదికే కమిట్ అవ్వండి. మిగతావి ఆన్-డిమాండ్‌లో, అంటే వాడినంతకే కట్టే పద్ధతిలో తీసుకుని పరీక్షలయ్యాక ఆపేయండి. సేవింగ్స్ ప్లాన్ పొరపాటున కొంటే, గంటకు 100 డాలర్లు మించనిదైతే, 7 రోజుల్లోగా, అదీ ఆ నెల దాటకుండా వెనక్కి ఇచ్చేయొచ్చు. నెలాఖరున కొనకండి మరి.