సున్నిపిండి, కారం మర, నెయ్యి గిన్నె

అడిగిన ప్రశ్న ఇది: "సబ్బులూ క్రీములూ కొనకుండా వంటింట్లో ఉన్నవాటితోనే ఒంటిని చూసుకోవచ్చా? మీరు చేసి చూసినవి, బెడిసికొట్టినవి చెబుతారా?"

బెడిసికొట్టిన దాంతోనే మొదలుపెడతాను. మా ఇంట్లో ఇప్పటికీ దాని మీద నవ్వుకుంటూనే ఉన్నారు.

నాలుగేళ్ళ కిందట సంక్రాంతికి ముందు, తెనాలి దగ్గర మా ఊళ్ళో అమ్మ చేసినట్టే నేనూ సున్నిపిండి చేద్దామని దిగాను. పెసలూ శనగపప్పూ అన్నీ రెండు రోజులు బాల్కనీలో ఎండబెట్టి, డబ్బాలో పోసుకుని సందు చివర ఉన్న పిండి మరకి తీసుకెళ్ళాను. పండగ ముందు రోజులు కదా, జంతికల పిండికీ అరిసెల పిండికీ జనం వరసలో నిలబడ్డారు. మర అబ్బాయి నా మొహం చూసి జాలిపడి, "ఇటిచ్చేయండి మేడమ్, ఐదు నిమిషాల్లో ఆడించేస్తా" అని పక్కనున్న మరలో పోసేశాడు. అది కారం మర. అతనికి గుర్తులేదో, ఎలాగూ తినేది కాదులే అనుకున్నాడో తెలీదు. కస్తూరి పసుపు ఘాటులో నా ముక్కుకీ ఏమీ తెలియలేదు.

భోగి నాడు పొద్దున్నే ఒంటికి నూనె రాసుకుని, పిండి తడిపి నలుగు పెట్టుకున్నాను. మొదటి అర నిమిషం బాగానే ఉంది. తర్వాత మెడ, బుగ్గలు, మోచేతుల మడతలు ఒక్కసారిగా భగ్గుమన్నాయి. నీళ్ళు పోసుకున్నకొద్దీ మంట ఇంకా పాకింది. తడి చేత్తోనే అమ్మకి ఫోన్ చేస్తే, "కారం నీళ్ళకి పోతుందటే? పిండి కడిగేసి మళ్ళీ నూనె పట్టించు ముందు" అంది. ఆవిడ చెప్పిందే నిజం. మిరపకాయలో మంట పుట్టించే పదార్థం నీళ్ళలో కరగదు, నూనెలో కరుగుతుంది. కొబ్బరి నూనె పట్టించి గుడ్డతో తుడిచి, మళ్ళీ పట్టించి తుడిచి, ఆఖరికి సబ్బుతో మూడుసార్లు ఒళ్ళు తోముకున్నాను. సబ్బు అక్కర్లేకుండా బతుకుదామని చేసిన పిండి, ఏడాదిలో ఎన్నడూ వాడనంత సబ్బు ఆ ఒక్కరోజే వాడించింది.

అప్పట్నుంచీ మిక్సీయే. నా లెక్క ఇది: పొట్టు పెసలు అరకిలో, శనగపప్పు పావుకిలో, బియ్యం గుప్పెడు, మెంతులు రెండు చెంచాలు, కస్తూరి పసుపు 50 గ్రాములు, కచ్చూరాలు (పసుపు జాతి సువాసన దుంప) 50 గ్రాములు, వట్టివేళ్ళు కాసిని, ఎండు గులాబీ రేకులు ఉంటే ఉన్నన్ని. చలికాలంలో తిన్న కమలాపళ్ళ తొక్కలు ఎండబెట్టి దాచుకుంటే అవి కూడా. అన్నీ గలగలమనేదాకా ఎండాలి. వట్టివేళ్ళని కత్తెరతో చిన్న ముక్కలు చేసుకోండి, లేకపోతే బ్లేడుకి చుట్టుకుంటాయి. కస్తూరి పసుపు కొమ్ముల్ని ముందు రోట్లో చితక్కొట్టండి, నేరుగా జార్‌లో వేస్తే బ్లేడు పోతుంది (ఒకటి పోయింది). కొంచెం కొంచెంగా వేసి తిప్పాలి, జార్ వేడెక్కితే ఆపాలి. మామూలు జల్లెడ చాలదు, పల్చటి నూలు గుడ్డలో జల్లించాలి. గుడ్డలో మిగిలిన రవ్వని పారేయను, అది పాదాలకి. మొహానికి మాత్రం ఆ రవ్వ ముట్టించకండి, గీసుకుపోతుంది.

తడి చెయ్యి పెట్టకుండా సీసాలో ఉంచితే నాకు ఐదారు నెలలు వస్తుంది. తడిపిన పిండి మాత్రం దాచొద్దు, ఇడ్లీ పిండిలాగే పులుస్తుంది.

దీంతో తెల్లబడతారా అని ఎలాగూ అడుగుతారు కాబట్టి చెప్పేస్తున్నా. తెల్లబడరు. పసుపు రంగు కాసేపు అంటుకుని మెరిసినట్టు అనిపిస్తుంది, సాయంత్రానికి మన రంగు మనకి వచ్చేస్తుంది. ఇరవై ఏళ్ళుగా రాస్తున్న మా అమ్మ ఎలా ఉండేదో అలాగే ఉంది. పిండి చేసే పని ఒక్కటే, రాసుకున్న నూనెనీ మురికినీ పీల్చుకుని నీళ్ళతో పాటు పోతుంది. సబ్బు రాసుకున్నాక ఒళ్ళు బిగుసుకున్నట్టు అనిపిస్తుంది చూడండి, అది ఉండదు. మన చర్మానికి కొద్దిగా పుల్లటి గుణం, పులుపుని కొలిచే పీహెచ్ లెక్కలో 5 దగ్గర్లో ఉంటుంది (అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ). మామూలు సబ్బు 9, 10 దాకా ఉంటుంది. దానికి తోడు మా అపార్ట్‌మెంట్‌కి వచ్చేది బోరు నీళ్ళు. ఆ ఉప్పు నీళ్ళలో సబ్బు నురగ రాదు సరికదా, తెల్లటి తెట్టులా ఒంటికే పట్టుకుంటుంది. పిండికి ఆ గొడవ లేదు.

వీడియోలు చూసి నేను చేసిన రెండో తెలివితక్కువ పని నిమ్మరసం. తేనెలో కలిపి మొహానికి రాసుకుని, సరిగ్గా కడుక్కోకుండా మేడ మీద వడియాలు పెట్టడానికి వెళ్ళాను. మే నెల ఎండ. రెండు రోజులకి బుగ్గ మీద గోధుమ రంగు మచ్చ తేలింది, పోవడానికి దాదాపు మూడు నెలలు పట్టింది. నిమ్మజాతి రసం ఒంటి మీదుండగా ఎండ తగిలితే చర్మం కమిలి మచ్చలు పడతాయని తర్వాత చర్మం డాక్టరు చెప్పారు. ఆ మందులకైన డబ్బుతో ఎన్ని క్రీములు వచ్చేవో! నిమ్మకాయని పులిహోరలోకి పంపించండి. వంట సోడా కూడా అంతే, దాని చోటు బజ్జీల పిండిలోనే. సున్నిపిండిలో బావంచాలు (మూలికల కొట్లో దొరికే నల్లటి గింజలు) వేయమని చాలామంది పెద్దవాళ్ళు చెబుతారు, నేను మానేశాను. బావంచాలు కూడా ఎండకి చర్మాన్ని త్వరగా కమిలేలా చేస్తాయి. బొల్లికి వాటిని మందుగా వాడేది కూడా ఆ గుణం వల్లే. పొద్దున్నే స్నానం చేసి బస్టాపులో నిలబడే మనకెందుకు?

చంటిపిల్లలకి కూడా నలుగు పెట్టాలా అంటే, మా చిన్నదానికి పెడుతుంటే పిల్లల డాక్టరు వద్దన్నారు, మానేశాను. మా అత్తయ్య నెల రోజులు నాతో ముభావంగా ఉన్నారు.

ఇంకో మాట. ఫ్లాటుల్లో ఉండేవాళ్ళు బాత్‌రూమ్ జాలీ మీద గుడ్డ ముక్క వేసుకోండి. పిండి పైపులో పేరుకుని గట్టిపడుతుంది. ప్లంబర్ వచ్చి వంగి చూసి, "ఇందులో పప్పు వండారా సార్?" అని మా ఆయన్ని అడిగాడు.

నిజానికి విడిగా ఏదీ చేసుకోనక్కర్లేని రోజులే నాకు ఎక్కువ ఇష్టం. ఆదివారం పెసరట్టుకి శనివారం రాత్రి పెసలు నానబోస్తాను కదా, పొద్దున రుబ్బేటప్పుడు అల్లం, పచ్చిమిర్చి వేయకముందే ఒక గరిటెడు ముద్ద పక్కకి తీసి పెట్టుకుంటాను. వేయకముందే అన్నది రెండుసార్లు చదవండి, కారం మర సంగతి చెప్పాను కదా. ఆ ముద్దలో చెంచాడు పెరుగు కలిపి మొహానికి రాసుకుని, అది పూర్తిగా ఆరకముందే కడిగేసుకుంటాను. ఈలోపు పెనం వేడెక్కుతుంది. పచ్చటి మొహంతో అట్టు తిప్పుతుంటే తలుపు కొట్టిన పాలబ్బాయి ఒకసారి రెండడుగులు వెనక్కి వేశాడు.

తలంటు మాత్రం ఇప్పటికీ కుంకుడుకాయలతోనే, నెలకి రెండుసార్లు. గింజలు తీసి, వేడి నీళ్ళలో నానబెట్టి పిసికితే చాలు. కళ్ళల్లో పడితే మండుతుంది, దానికి ఏ కిటుకూ లేదు. చిన్నప్పుడు అమ్మమ్మ నా అరచేతిలో ఉప్పు కల్లు పెట్టి, "చప్పరించు, మంట పోతుంది" అనేది. పోయేది కాదు. కానీ ఉప్పు చప్పరించే ధ్యాసలో ఏడుపు ఆగేది. ఇప్పుడు మా పిల్లలకి నేనూ అదే పెడుతున్నాను. తలంటు అయ్యాక సాంబ్రాణి పొగ పట్టి, చారూ అన్నం తిని, ఫ్యాన్ కింద చాప మీద పడుకుంటే వచ్చే నిద్ర ఉంది చూశారూ, ఆ నిద్ర కోసమే తలంటుకుంటానేమో అనిపిస్తుంది.

ఇక చలికాలానికి నెయ్యి. పది రోజుల మీగడ తోడుపెట్టి, చిలికి, వెన్న తీసి, ఆదివారం సాయంత్రం కాస్తాను. దించే ముందు నాలుగు మునగాకు రెబ్బలు వేస్తే ఇల్లంతా కమ్మటి వాసన. నెయ్యి వడగట్టాక గిన్నె అడుగున గోధుమ రంగు గసి మిగులుతుంది, వేగిన మునగాకు కరకరలాడుతూ. అందులోనే రెండు గరిటెల వేడన్నం వేసి, ఉప్పు చల్లి, గిన్నె అంచులు తుడిచినట్టు కలిపితే ఐదారు ముద్దలు అవుతాయి. ఆ వాసనకి పిల్లలు వచ్చేలోపు పొయ్యి దగ్గర నిలబడే తినేస్తాను. చెయ్యి కడుక్కునే ముందు వేళ్ళకి మిగిలిన జిడ్డు పెదాలకీ మోచేతులకీ రుద్దుకుంటాను. చలికాలమంతా నేను వాడే క్రీము అదొక్కటే.