చార్టర్ స్కూలు పెడతానన్న అమ్ములుకు పెద్దమ్మ ఉత్తరం

అమ్ములూ,

నువ్వు ఉద్యోగం మానేసి డాలస్ దగ్గర చార్టర్ స్కూలు, అదే ప్రభుత్వం డబ్బుతో ఒక విడి సంస్థ నడిపే ఉచిత బడి, పెడతానంటున్నావని నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. వినగానే ఎంత సంతోషమేసిందో చెప్పలేను. మన ఇంట్లో మళ్లీ ఒకరు బడి వైపు వెళ్తున్నారు. కానీ పడుకున్నాక నిద్ర పట్టలేదు, ఒంటిగంటకి లేచి హ్యూస్టన్ నాటి పాత ఫైళ్ల డబ్బా కిందికి దించాను.

తేలిక విషయాలు ముందు చెప్పేస్తాను. లాభాపేక్ష లేని సంస్థ ఉండాలి, రాష్ట్ర విద్యాశాఖ అయిన టెక్సస్ ఎడ్యుకేషన్ ఏజెన్సీకి దరఖాస్తు పెట్టాలి, దాని కమిషనర్ సరేనన్నా రాష్ట్ర విద్యా బోర్డు వద్దనొచ్చు. ఫీజు తీసుకోకూడదు, సీట్లకంటే ఎక్కువమంది వస్తే మామూలుగా లాటరీ తీస్తారు. ఇవన్నీ మంచి లాయరు చూసుకుంటారు.

నా భయమంతా డబ్బు గురించే. నీ స్కూలు నడిచేది ప్రభుత్వం డబ్బుతో, ఆ డబ్బు వచ్చేది పిల్లల హాజరు మీద. ఎంతమంది చేరారన్నది కాదు, సగటున రోజుకు ఎంతమంది వచ్చి కూర్చున్నారన్నదే లెక్క. 2019 నుంచి ఆ లెక్క మొదలయ్యే మొత్తం పిల్లకి 6,160 డాలర్లు, 2025లో దాని మీద 55 పెంచారు. దాంట్లోంచే టీచర్లు, పుస్తకాలు, కరెంటు, అద్దె అన్నీ. పక్కనున్న డిస్ట్రిక్ట్ స్కూలుకి, అంటే మామూలు ప్రభుత్వ బడికి, ఊరి ఆస్తి పన్ను ఉంటుంది, బాండ్లు అమ్మి భవనం కట్టుకుంటుంది. నీకు ఆ పన్నులో పైసా రాదు.

ఇక నేను చేసిన తప్పు. ఇది మీ అమ్మకి కూడా పూర్తిగా చెప్పలేదు.

మేం కొందరం కలిసి ఒక చిన్న చార్టర్ స్కూలు మొదలుపెట్టాం. నేను అకౌంటెంటుని కదా, ట్రెజరర్‌ని చేశారు. వసంతకాలంలో 260 కుటుంబాలు మా పిల్లల్ని పంపిస్తామని ఫారాలు నింపాయి. నేను జాగ్రత్తగా ఉన్నాననుకుని ఇరవై తీసేసి, 240 మంది వస్తారని అంచనా రాసి పంపాను. ఆ లెక్క చూసుకునే టీచర్లని తీసుకున్నాం. ఆగస్టులో మొదటిరోజు వచ్చింది 171 మంది. దూరం నుంచి వచ్చే పిల్లలు, బస్సు లేదు, వాన పడితే సగం తరగతి ఖాళీ. కానీ మొదటి నెలల్లో రాష్ట్రం 240 లెక్కనే డబ్బు పంపింది. అకౌంటులో అంత డబ్బు కనిపిస్తుంటే, జనవరికల్లా నిండుతాయిలే అనుకున్నాను. అది మా డబ్బు కాదని నాకు తెలుసు, అమ్ములూ. హాజరు లెక్కలు అందాక రాష్ట్రం సరిచేసి, ఎక్కువ ఇచ్చింది వెనక్కి తీసుకుంటుందని తెలిసి కూడా మా స్కూలు బోర్డులో నోరు విప్పలేదు.

తీసుకుంది. జనవరిలో ఇద్దరు టీచర్లని మాన్పించాల్సి వచ్చింది. లెక్క రాసింది నేనే కాబట్టి చెప్పే పని కూడా నేనే పెట్టుకున్నాను. నాలుగో తరగతి టీచరు గోడ మీద కాగితపు ఆకులు కత్తిరించి పిల్లల పేర్లు రాసి అంటించి ఉంచింది. నేను చెప్పింది విని జీతం మాట ఎత్తలేదు. "రేపు నా పిల్లల్ని ఎవరు చూసుకుంటారు?" అంది. నా దగ్గర జవాబు లేదు. రెండు తరగతులు కలిపి ఒకే గదిలో 38 మందిని కూర్చోబెట్టాం. అది చూసి ఇంకొన్ని కుటుంబాలు వెళ్లిపోయాయి, హాజరు ఇంకా పడింది, డబ్బు ఇంకా తగ్గింది.

మీ తాతయ్య తెనాలి దగ్గర ఎయిడెడ్ స్కూల్లో టీచరు. గ్రాంటు వస్తేనే జీతం. రాని నెలల్లో మీ అమ్మమ్మ కిరాణా కొట్టుకి నన్నే పంపేది, ఆవిడకి అడగడానికి మొహం చెల్లక. ఆ కొట్టు ముందు నిలబడిన పిల్లనే నేను. అలాంటిది, ఇంకో టీచరు ఇంటికి జీతం ఆగిపోయేలా నేనే చేశాను. ఇప్పటికీ తలుచుకుంటే గుండె బరువెక్కుతుంది.

అందుకే చెప్తున్నా, ఫారాల మీద సంతకాలు చూసి టీచర్లని తీసుకోకు. 240 మంది వస్తామంటే 150 మందితో కూడా స్కూలు నడిచేలా లెక్క వెయ్యి, మిగతా టీచర్లని పిల్లలు బెంచీల్లో కూర్చున్నాకే తీసుకో. మూడు నెలల జీతాలు పక్కన పెట్టుకో. నెలనెలా హాజరు అంకెని, అది ఎంత సిగ్గుగా ఉన్నా, బోర్డు ముందు నువ్వే చదువు.

భవనం సంగతి. మా రోజుల్లో చార్టర్లకి భవనాల కోసమని విడిగా ఏమీ ఇచ్చేవారు కాదు. 2017 చట్టంతో రాష్ట్రం మొత్తంలో ఉన్న చార్టర్లన్నిటికీ కలిపి ఏడాదికి 6 కోట్ల డాలర్లు పెట్టారు, పంచుకుంటే ఏ మూలకీ రాదు. ఇల్లు తాకట్టు పెట్టి అద్దెకి అడ్వాన్సు కడతానన్నావట, బుద్ధుందా? నీకు ఇద్దరు పిల్లలున్నారు. ఏ చర్చి వాళ్లో ఆదివారం తప్ప మిగతా రోజుల్లో ఖాళీగా ఉండే గదులు అద్దెకిస్తారేమో అడుగు. రెండేళ్లు అలా నడిపాక భవనం మాట.

ప్రత్యేక అవసరాలున్న పిల్లలు వస్తారు, రావాలి. వాళ్ల కోసం స్పీచ్ థెరపిస్టు ఖర్చు మొదటి రోజు నుంచే రాసిపెట్టుకో. వరసగా మూడేళ్లు చదువులో గానీ డబ్బు లెక్కల్లో గానీ ఫెయిలయితే చార్టర్, అంటే స్కూలు నడపడానికి రాష్ట్రం ఇచ్చే అనుమతి, రద్దు చేసి తీరాలని 2013లో చట్టం చేశారు. టెన్షన్ పడకు, కానీ గుర్తుంచుకో. ఇంకోటి, నీ దగ్గరికి వచ్చే ప్రతి పిల్ల ఏదో పక్క స్కూలు నుంచే వస్తుంది, ఆ పిల్లతో పాటు అక్కడి డబ్బూ పోతుంది. వెళ్లి ఆ ప్రిన్సిపాల్‌ని కలువు, వాళ్ల గురించి తల్లిదండ్రుల ముందు చెడుగా ఒక్క మాట అనకు.

చిన్నప్పుడు మా వరండాలో బొమ్మల్ని వరసగా కూర్చోబెట్టి పాఠం చెప్పేదానివి, ఒక బొమ్మ పడిపోతే పాఠం ఆపి దాన్ని లేపి కూర్చోబెట్టేదానివి. నువ్వు చేయగలవని నాకు అప్పుడే తెలుసు.

ఆదివారం లోపు నీ బడ్జెట్ షీటు నాకు పంపు. పిల్లల సంఖ్య రాసే గడి మాత్రం ఖాళీగా ఉంచు. అది మనిద్దరం ఫోన్లో కూర్చుని నింపుదాం.

పెద్దమ్మ