వాసాల మసి తుడవనివ్వకు

బుజ్జీ,

ఆల్ఫ్రిస్టన్ క్లెర్జీ హౌస్ మీద ప్రాజెక్టు చేస్తున్నావని, దానితో పోల్చడానికి ఇంగ్లండులోని ససెక్స్‌లో అలాంటి పాత ఇళ్ళ అటకలు ఎక్కి కొలతలు తీస్తావని మీ నాన్న చెప్పాడు. ఎంత గర్వంగా అనిపించిందో, అటకల మాట వినగానే అంత టెన్షన్ పట్టుకుంది.

టేపు, టార్చి, మాస్కు సంగతి నీకు తెలిసిందే. ఇంటివాళ్ళ అనుమతి రాతలో తీసుకో.

క్లెర్జీ హౌస్ 14వ శతాబ్దపు ఇల్లు. ఓక్ చట్రం, గడ్డి కప్పు. మధ్యలో కప్పుదాకా తెరిచి ఉన్న హాలు. 1896లో నేషనల్ ట్రస్ట్ అనే, పాత కట్టడాల్ని కాపాడే సంస్థ 10 పౌండ్లకి కొంది, వాళ్ళు కొన్న మొదటి భవనం అదే. అప్పటికి బాగా శిథిలమైపోయింది. అందుకని పాత కలప ఏది, తర్వాత బాగుచేసింది ఏది అన్నది డ్రాయింగులో వేరువేరు రంగుల్లో చూపించు. రెండూ కలిపేశావంటే ఊరుకోను.

అసలు చెప్పాల్సింది మసి గురించి. ఇలాంటి హాళ్ళకి మొదట్లో చిమ్నీ ఉండేది కాదు, నేల మధ్యలో మంట వేసేవాళ్ళు, పొగంతా పైకప్పుకి పట్టేది. 16, 17 శతాబ్దాల్లో చాలా ఇళ్ళల్లో చిమ్నీ కట్టి, హాలు సగం ఎత్తులో పై అంతస్తు వేసేశారు. కింద గదులు ఎన్నిసార్లు మారినా అటకలో వాసాలు నల్లగానే మిగిలాయి. ఆ నలుపు ఎక్కడ ఆగిందో చూస్తే పాత హాలు ఎక్కడిదాకా ఉండేదో తెలుస్తుంది. నేను పనిచేసిన ఒక పాత పాదరీ ఇంట్లో, నేను వెళ్ళేసరికే కాంట్రాక్టరు వాసాలన్నిటికీ ఇసుకని జోరుగా చిమ్మి గీకే శాండ్‌బ్లాస్టింగ్ చేయించేశాడు. మసి పోయింది, ఏ కర్ర ఎక్కడ బిగించాలో వడ్రంగులు చెక్కుకున్న గుర్తులూ పోయాయి. కొత్తవాటిలా ఉన్నాయని ఇంటివాళ్ళు మురిసిపోతుంటే నాకు కడుపు మండిపోయింది, ఇప్పటికీ మండుతుంది. నాయనమ్మ వంటిల్లు పడగొట్టిన రోజు మీ నాన్న దూలం మీద మసి చూసి పొయ్యి ఎక్కడుండేదో సరిగ్గా చూపించాడు తెలుసా! అప్పటికి ఆ పొయ్యి తీసేసి ఎన్నేళ్ళో అయింది.

కాబట్టి ఎవరైనా శుభ్రం చేయిస్తామంటే, నీ ఫోటోలు, కొలతలు అయ్యేదాకా ఆగమని బతిమాలు. వాళ్ళు విసుక్కున్నా సరే.

అటకలో దూలాల మీదే అడుగు వెయ్యి, మధ్యలో సున్నపు సీలింగు మీద కాలు పెడితే కింది గదిలో పడతావు. ఒంటరిగా ఎక్కావని తెలిస్తే మాత్రం తిట్లు తప్పవమ్మా. గడ్డి కప్పు కింద వేడెక్కే లైట్లు వద్దే వద్దు. దిగగానే నాకు మెసేజ్ పెట్టు, ఇక్కడ అర్ధరాత్రి అయినా పర్లేదు. మంచి బూట్లు కొనుక్కో, డబ్బులు నేను పంపిస్తాను, మొహమాటపడకు.

మీ పెదనాన్న