చారు లాగే, కాస్త ముందే దించాలి

ప్రశ్న: మేం డ్రెస్డెన్‌లో ఎం.ఎస్. చదువుతున్న నలుగురం. ఇక్కడి క్రిస్మస్ సంతలో తాగిన గ్లూవైన్, అదే మసాలా వేసిన వేడి వైన్, తెగ నచ్చేసి మొన్న ఆదివారం గదిలో చేశాం. ఇంటి నుంచి తెచ్చుకున్న గరం మసాలా రెండు చెంచాలు, తొక్కతో సహా ముక్కలు కోసిన నారింజ, పంచదార వేసి ఇరవై నిమిషాలు తెర్లించాం. చేదు, వగరు, అడుగున బురద. తప్పెక్కడ జరిగిందండీ?

జవాబు: తప్పెక్కడ అని కాకుండా ఒప్పెక్కడ అని అడిగితే తొందరగా తేల్చేసేదాన్ని తమ్ముళ్లూ, పంచదార ఒక్కటే కరెక్టు! గరం మసాలా పొడిలో ధనియాలు, జీలకర్ర, మిరియాలు ఏవేవో ఉంటాయి, అది కోడికూరకి. పైగా పొడి వేస్తే ఎంత వడకట్టినా పోదు, మీరన్న బురద అదే. నారింజ తొక్క కింద తెల్లటి పొర ఉంటుంది చూడండి, చేదంతా దాందే. పీలర్‌తో పైన రంగు వరకే పల్చగా తీసుకోండి.

అసలు తప్పు మాత్రం తెర్లించడం. ఆల్కహాల్ 78 డిగ్రీలకే మరుగుతుంది, నీళ్లకంటే చాలా ముందు, దాంతోపాటే వైన్ వాసన కూడా లేచిపోతుంది, ఇక గిన్నెలో మిగిలేది పులుపూ వగరూ. అమ్మ చారు పొంగు రాగానే దించేయడం చూసే ఉంటారు కదా, దీనికైతే ఆ పొంగు కూడా రాకూడదు. పైన సన్నగా ఆవిరి లేవాలి, అంచుల్లో బుడగ కనిపించిందా, మంట తగ్గించేయాలి. థర్మామీటర్ ఉంటే 70 దాటనివ్వకండి.

మరి వైన్ మరగకపోతే మసాలా ఎలా దిగుతుందంటారా? ముందు దాన్ని విడిగా మరిగించుకోవడమే. ఒక నారింజ రసం, నాలుగు చెంచాల పంచదార, వేలెడంత దాల్చిన చెక్క, ఐదు లవంగాలు, ఒక అనాస పువ్వు, చితక్కొట్టిన యాలకులు రెండు, నారింజ తొక్క స్టీలు గిన్నెలో వేసి ఐదు నిమిషాలు ఉడకనిచ్చి (అల్యూమినియం వద్దు, పులుపుకి పడదు), జిగురుగా అయ్యాక 750 మి.లీ. సీసా మొత్తం పోసి, మూతపెట్టి, సన్నటి సెగ మీద ఇరవై నిమిషాలు ఉంచి వడకట్టండి. లవంగాల లెక్క మాత్రం మీరకండి. మొదటిసారి నేను చేతికొచ్చినన్ని వేస్తే పంటి డాక్టరు ఇంజెక్షన్ చేసినట్టు నాలుక మొద్దుబారిపోయింది, అరగంట దాకా మాట సరిగా రాలేదు, ఇంట్లోవాళ్లు హాయిగా ఉన్నారనుకోండి. వైన్ తీపి లేని ఎర్రది చవకలో చాలు, ఖరీదైన సీసా ఇలా కాచడం పాపం.

యూరప్ నిబంధన ప్రకారం గ్లూవైన్ అని పేరు పెట్టి అమ్మేదాంట్లో నీళ్లు కలపకూడదు, కనీసం 7 శాతం ఆల్కహాల్ ఉండాలి. అన్నట్టు మీ ఊరి సంత 1434 నాటిది, ఆ కప్పు మూతి దగ్గరికి తేగానే కళ్లద్దాల మీద ఆవిరి కమ్మేసి ఏమీ కనపడని సుఖం గదిలో రాదు. కప్పు తిరిగిచ్చి డిపాజిట్ తీసుకోవడం మర్చిపోకండి, అలా వదిలేసిన యూరోలతో ఇంకో కప్పు వచ్చేది.

ప్రశ్న: వేడి చేస్తే మత్తు పోతుందంటారు కదా, రెండు కప్పులు తాగి కారు నడపొచ్చా? – మ్యూనిక్ నుంచి ఒక పాఠకుడు

జవాబు: కుదరదు. అరగంట ఉడికించిన వంటలోనే మూడో వంతు ఆల్కహాల్ మిగులుతుంది, ఇది అసలు ఉడకనిదాయె. పైగా వేడిగా, తియ్యగా ఉంటుంది కాబట్టి తెలియకుండానే దిగిపోతుంది. 21 నిండని వాళ్లకీ, అక్కడ లైసెన్స్ వచ్చి రెండేళ్లు కాని వాళ్లకీ జర్మనీలో ఒక్క చుక్క కూడా కూడదు. ట్రామ్ ఎక్కండి.

ప్రశ్న: మా ఇంట్లో మందు ముట్టం. క్యారల్స్ పాడటానికి వచ్చే పిల్లలకి ఇలాంటిదే ఏదైనా ఇవ్వాలని ఉంది. – సికింద్రాబాద్ నుంచి ఒక అమ్మ

జవాబు: అదే సంతల్లో పిల్లల కోసం కిండర్‌పున్ష్ అని అమ్ముతారమ్మా, అది చేయండి. అర లీటరు నల్లద్రాక్ష జ్యూసు, అర లీటరు యాపిల్ జ్యూసు, పైన చెప్పిన మసాలాలే. పంచదార వేయకండి, జ్యూసులోనే బోలెడుంటుంది, దించాక నిమ్మకాయ పిండండి. అక్కడ చాలామంది ఇందులో మందార టీ పోస్తారు, పేరు చూసి పెరట్లో మందారాలు కోసేరు! అది ఎర్ర గోంగూర కాయ చుట్టూ ఉండే ఎర్రటి రేకులు ఎండబెట్టింది. దొరికితే గుప్పెడు వేడినీళ్లలో నానబెట్టి ఆ నీళ్లు కలపండి, రంగూ పులుపూ రెండూ వస్తాయి. దీనికి మరిగిపోతుందన్న టెన్షన్ లేదు, రెండో బ్యాచ్ వచ్చేదాకా సన్నటి సెగ మీద ఉంచుకోవచ్చు. స్టీలు గ్లాసుల్లో మాత్రం పోయకండి, పిల్లల చేతులు కాలతాయి.